వేడి కావాలా, పొడి కావాలా? గడ్డకట్టే చలిలో పెరటి కోడి

నవంబరు వచ్చిందంటే అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్, మెయిన్ రాష్ట్రాల్లోనూ, సరిహద్దు దాటితే కెనడా క్యుబెక్‌లోనూ పెరట్లో కోళ్లున్న ప్రతి ఇంట్లో ఒకే ప్రశ్న మొదలవుతుంది: గూట్లో హీటర్ పెట్టాలా, వద్దా? ఈ ప్రశ్న ఇప్పుడు అక్కడి తెలుగువాళ్ల ఇళ్లకూ చేరింది. అమెరికాలో చాలా ఊళ్లు పుంజును ఒప్పుకోవు గానీ నాలుగైదు పెట్టల్ని పెంచుకోనిస్తాయి. 2022 ఫిబ్రవరిలో ఇండియానాలోని ఒక టర్కీ కోళ్ల ఫారంలో బయటపడ్డ బర్డ్ ఫ్లూ కోట్ల కోళ్లను పొట్టన పెట్టుకుంది. 2025 మార్చి నాటికి డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటింది. దాంతో పెరటి గూళ్ల మీద ఆసక్తి ఇంకా పెరిగింది. చిన్నప్పుడు సాయంత్రం పూట కోళ్లను గంప కింద మూసిన చేతులకు మే నెల ఎండలో కోడిని కాపాడుకోవడం తెలుసు. మైనస్ 20 డిగ్రీల్లో కాపాడుకోవడం కొత్త. అందుకే తమకు చలేస్తే ఏం చేస్తారో కోడికీ అదే చేస్తారు. తలుపు బిగిస్తారు, సందులన్నీ మూస్తారు, వేడి దీపం వేలాడదీస్తారు. మూడూ ప్రేమతో చేసే పనులే. కోడి శరీరం గురించి తెలిసినదంతా ఒకచోట పెట్టి చూస్తే మాత్రం, మొదటిది కొంతవరకే మేలు, మిగతా రెండూ చేటు అని తేలుతుంది.

కోడి పుట్టుకతో ఉష్ణదేశపు పక్షి. ఆగ్నేయాసియా అడవికోడి దాని మూలం. థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్ తవ్వకాల్లో దొరికిన క్రీ.పూ. 1650–1250 నాటి ఎముకలే పెంపుడు కోడికి నమ్మదగిన తొలి ఆనవాళ్లని 2022లో పరిశోధకులు ప్రకటించారు. వరి, చిరుధాన్యాల పొలాల చుట్టూ గింజలేరుకుంటూ మనిషికి మచ్చికైన ఈ పక్షి నయాగరా దాటి ఉత్తరాన మంచులో ఎలా బతుకుతోంది?

ఈకల వల్ల. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు, మనకంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. పైన నున్నటి ఈకలు, వాటి కింద మెత్తటి నూగు. చలి పెరిగితే కోడి ఒళ్లంతా ఉబ్బించి ఆ నూగులో గాలిని పట్టి ఉంచుతుంది. కదలని ఆ గాలి పొరే దాని దుప్పటి. తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి ఈకలకు పూసుకుంటుంది కాబట్టి పైపొర తొందరగా తడవదు. ఈకల్లేని కాళ్లకు వేరే ఏర్పాటుంది. గుండె నుంచి కాలికి దిగే వెచ్చటి నెత్తురు, కాలి నుంచి పైకెక్కే చల్లటి నెత్తురు పక్కపక్క నాళాల్లో పారుతూ వేడిని ఇచ్చిపుచ్చుకుంటాయి. కాలు చల్లగా ఉన్నా ఒంట్లోని వేడి బయటికి పోదు. రెండు కిలోల పెట్ట ఇంచుమించు పది వాట్ల వేడిని రోజంతా పుట్టిస్తూనే ఉంటుంది. పది పెట్టలు పక్కపక్కన ఒదిగి కూర్చుంటే నూరు వాట్లన్నమాట. చెమట గ్రంథులు లేని ఈ పక్షికి చలికంటే ఎండే పెద్ద శత్రువు. 2015 మే వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాల్లోని ఫారాల్లో లక్షల కోళ్లు ఎలా రాలిపోయాయో గుర్తున్నవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత ఏర్పాటున్న కోడిని చలి ఒక్కటే చంపడం అరుదు. చలికి తడి తోడైతేనే కథ మారుతుంది.

ఆ తడి ఆకాశం నుంచి కంటే కోడి నుంచే ఎక్కువ వస్తుంది. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది. గుడ్డులోకి పోయే కొద్ది భాగం తప్ప మిగతాదంతా ఊపిరిగా, రెట్టగా బయటికే వస్తుంది. రెట్టలో నాలుగింట మూడు వంతులు నీరే. డిసెంబరులో ఆ దేశాల్లో రాత్రి పదిహేను గంటలు. పది పెట్టలు ఆ పదిహేను గంటలూ ఒక చిన్న చెక్కగూట్లో గడిపితే లీటరుకు పైగా నీరు ఆ గాలిలోకీ, కింది పొట్టులోకీ చేరుతుంది. సందులన్నీ మూసేసిన గూట్లో అది పోయే దారి ఉండదు. కప్పు లోపలివైపు చెమర్చి, గడ్డకట్టి, పగటి పూట కరిగి కోళ్ల మీద కురుస్తుంది. నూగు తడిస్తే గాలి పొర పోతుంది, తురాయి తడిస్తే మొద్దుబారి గడ్డకడుతుంది. తడిసిన రెట్ట నుంచి అమ్మోనియా లేస్తుంది. గాలిలో అది 25 పీపీఎం దాటితే కళ్లకూ శ్వాసనాళాలకూ హాని అని కోళ్ల ఫారాల వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. ఆ వాసన మన ముక్కుకు ఘాటుగా తగిలే సరికే గూడు కోడికి పనికిరాకుండా పోయింది.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టినదేమీ కాదు, మరిచిపోయి మళ్లీ నేర్చుకుంటున్నది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో కోళ్ల ఇళ్లను వీలైనంత బిగించి కట్టేవాళ్లు, కొందరు పొయ్యిలు కూడా పెట్టేవాళ్లు. జలుబులూ, రొప్పు రోగాలూ ఆ ఇళ్లనే పట్టుకునేవి. దానికి ఎదురు నిలిచి ఈశాన్య రాష్ట్రాల్లో కొందరు రైతులు దక్షిణపు గోడను పూర్తిగా తీసేసి, వైరు మెష్ మాత్రం కొట్టి, కోళ్లను లోతైన గదిలో వెనకవైపు పడుకోబెట్టారు. డాక్టర్ ప్రిన్స్ టి. వుడ్స్ ఈ గాలి ఇళ్ల గురించి 1924లో ఒక పుస్తకమే రాశాడు. ఇల్లు మూడు పక్కలా, కప్పు మీదా గాలి చొరకుండా గట్టిగా ఉండాలి, ముందువైపు తెరిచి ఉండాలి, అప్పుడు వెనక కూర్చున్న కోడి దగ్గర గాలి కదలదు కానీ తేమ మాత్రం ముందు నుంచి బయటికి పోతుంది. అదీ ఆ ఇళ్ల సూత్రం. నూరేళ్ల తర్వాత కూడా దీనికంటే మంచి సమాధానం రాలేదని నా అభిప్రాయం. తరవాతి కాలంలో పరిశ్రమ కరెంటు ఫ్యాన్లతో నడిచే పెద్ద షెడ్లకు మళ్లింది, పెరటి పెంపకందారు ఆ షెడ్డును చూసి నేర్చుకున్నాడు, ఫ్యాన్లను మాత్రం తెచ్చుకోలేదు.

గాలి ఆడటమూ, ఈదరగాలి తగలడమూ ఒకటి కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. కోడి కూర్చునే ఎత్తులో గాలి విసిరితే ఈకలు విచ్చుకుని లోపలి వెచ్చదనం కొట్టుకుపోతుంది. కాబట్టి కూర్చునే కర్రకు బాగా పైన, చూరు కింద, ఎదురెదురుగా సందులుండాలి. వెచ్చటి తడిగాలి పైకి లేచి అక్కణ్ణుంచి పోతుంది. కోడికి ఒక చదరపు అడుగు చొప్పున గాలి సందు వదలాలని అనుభవజ్ఞులు చెప్పే లెక్క చూసి కొత్తవాళ్లు జంకుతారు. అంత కాకపోయినా, చలికి భయపడి సున్నా చేయడం కంటే ఎంతో కొంత వదలడం మేలు. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. తెల్లవారి తలుపు తీయగానే కిటికీ అద్దం లోపలివైపు మంచు పేరుకుని ఉంటే గాలి చాలలేదు. రాత్రి కర్ర దగ్గర పట్టుకున్న సన్నటి రిబ్బను ఊగుతుంటే ఈదరగాలి వస్తోంది. గోడల్లో నురుగు పలకలు పెట్టి చలిని ఆపడం మంచిదే, కాకపోతే వాటి మీద చెక్క కొట్టాలి, లేదంటే కోళ్లు పొడిచి తినేస్తాయి.

ఇక వేడి దీపం. కావాలనేవాళ్ల వాదనలో న్యాయం లేకపోలేదు. 2019 జనవరి ఆఖరులో ధ్రువప్రాంతపు గాలి దిగివచ్చినప్పుడు షికాగోలో మైనస్ 31, మిన్నెసోటా ఉత్తరాన కాటన్ అనే ఊళ్లో మైనస్ 49 డిగ్రీలు నమోదయ్యాయి. అంత చలిలో పెద్ద తురాయి ఉన్న ఏ పుంజుకూ అది చెక్కుచెదరకుండా మిగలదు. చలితో పోరాడటానికి కోడి తిన్నదంతా ఖర్చు చేస్తుంది, గుడ్లు తగ్గుతాయి, మేత ఖర్చు పెరుగుతుంది. కొద్దిగా వేడి ఇస్తే ఇవన్నీ తప్పుతాయి కదా అని వాళ్లంటారు.

తప్పుతాయి, కానీ ఏ ధరకు? మామూలుగా వాడేది 250 వాట్ల ఎర్ర దీపం. గూడంటే ఎండుగడ్డి, చెక్క పొట్టు, ఈకల ధూళి. దీపం గొలుసు జారినా, కోడి ఎగిరి తన్నినా నిప్పు పుట్టడానికి నిమిషాలు చాలు. పశువుల కొట్టాల మంటలకు వేడి పరికరాలు ప్రధాన కారణమని అక్కడి అగ్నిమాపక నిపుణులు చెబుతూనే ఉన్నారు. పగలకుండా టెఫ్లాన్ పూత వేసిన బల్బులు ఇంకో రకం ప్రమాదం. వేడెక్కిన ఆ పూత నుంచి వచ్చే పొగ మనకు తెలియను కూడా తెలియదు, గాలి సంచులతో ఊపిరి తీసే పక్షిని మాత్రం చంపేస్తుంది. అన్నిటికీ మించి, శరదృతువులో వారం వారం పెరిగే చలికి కోడి ఒళ్లు తనను తాను సిద్ధం చేసుకుంటుంది. పాత ఈకలు రాల్చి కొత్తవి దట్టంగా మొలిపించుకోవడం అందులో భాగమే. వెచ్చటి గూట్లో ఉన్న కోడి ఆ చలికి అలవాటు పడదు. 2021 ఫిబ్రవరి తుపానులో టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. హీటరు మీద ఆధారపడ్డ గూడు అలాంటి రాత్రి ఒక్కసారిగా బయటి చలిదాకా జారగలదు. ఆరోగ్యంగా, నిండుగా ఈకలున్న పెద్ద కోడికి దీపం పెట్టవద్దనే పక్షానే నేనుంటాను.

అయితే ఆ మాట అందరికీ వర్తించదు. పొదిగిన పిల్లలకు మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ ఈకలు వచ్చేదాకా, అంటే ఐదారు వారాలు, ఇవ్వాల్సిందే. సిల్కీ జాతి ఈకలు ఒకదానికొకటి కొక్కెం వేసుకోవు కాబట్టి తడిని ఆపలేవు. ఈకలు తిరగబడి ఉండే రకాలూ, మెడ బోసిగా ఉండే రకాలూ వేడిదేశాలకే అనువైనవి. డిసెంబరులో ఆలస్యంగా ఈకలు రాల్చి సగం బోసిగా మిగిలిన ముసలి పెట్ట, జబ్బుపడ్డ కోడి కూడా ఈ కోవలోవే. వీటికి ఇంట్లో ఒక మూల చోటివ్వడం గానీ, ముట్టుకున్నా కాలని పలక హీటరు గోడకు బిగించడం గానీ మంచిది. ముచ్చటపడి కోళ్లకు స్వెట్టర్లు అల్లేవాళ్లున్నారు. అది ఈకలను అణిచేసి, ఆ గాలి పొరను పోగొట్టి, తడిని పట్టి ఉంచుతుంది. దయచేసి వద్దు.

జాతిని ఎంచుకునే దగ్గరే సగం పని అయిపోతుంది. పెద్ద తురాయి ఉన్న లెగార్న్ పుంజుకు మొదటి గడ్డకట్టే వారంలోనే కొసలు నల్లబడతాయి. తలకు అంటుకుపోయినట్టుండే చిన్న తురాయి ఉన్న వయాండాట్, బ్రహ్మ, బకై జాతులు ఇబ్బంది లేకుండా గట్టెక్కుతాయి. బకైని ఒహాయో రాష్ట్రంలోని వారెన్‌లో నెటీ మెట్‌కాఫ్ అనే మహిళ సృష్టించింది, 1904లో ఆ జాతికి అమెరికాలో గుర్తింపు వచ్చింది. కెనడావాళ్ల కథ ఇంకా గొప్పది. క్యుబెక్‌లోని ఓకా మఠంలో బ్రదర్ విల్ఫ్రిడ్ షాటెలాన్ తమ దేశపు చలికి తగిన కోడి తమకు లేదని గమనించి 1908లో సంకర ప్రయోగాలు మొదలుపెట్టాడు. పదేళ్ల తర్వాత, 1918లో షాంటెక్లేర్ జాతిని జనం ముందుకు తెచ్చాడు. తురాయి చిన్న మెత్తలా ఉంటుంది, గడ్డం కింద వేలాడే ఎర్రతోలు దాదాపు కనిపించదు. ఆ సంకరంలో మొదట వాడిన జాతుల్లో కార్నిష్ ఒకటి. కార్నిష్ ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో భారతదేశపు అసీల్ రక్తంతో తయారైన జాతి, అందుకే దాన్ని ఇండియన్ గేమ్ అని కూడా అంటారు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరిలో మనం చూసే ఆ గట్టి తల, చిన్న తురాయి అసీల్ కోడి వంశం, ఇంగ్లండు మీదుగా, క్యుబెక్ మంచులో బతికే కోడిలోకి కొంత చేరింది. ఈ సంగతి తెలిసినప్పుడు మన పల్లె కోడి మీద గౌరవం పెరుగుతుంది.

తురాయి దెబ్బతింటే ఏం చేయాలి? మొదట పాలిపోతుంది, తర్వాత కొస నల్లబడి గట్టిపడుతుంది. రుద్దకూడదు, వేడి దగ్గర పెట్టి ఒక్కసారిగా కాచకూడదు, నల్లబడ్డ ముక్కను కత్తిరించకూడదు. అది కిందున్న మాంసాన్ని కాపాడుతూ ఎండి తనంతట రాలుతుంది. వాచి చీము పడితే మాత్రం పశువైద్యుడికి చూపించాలి. దెబ్బతిన్న పుంజు కొన్నాళ్లు గుడ్లకు పిల్లయ్యే శక్తి ఇవ్వలేకపోవచ్చని వసంతంలో పిల్లలు తీయదలచినవాళ్లు గుర్తుంచుకోవాలి. ముందుజాగ్రత్తగా తురాయికి వాజిలిన్ పూయడం చాలాచోట్ల అలవాటు. అది తడిని కొంత ఆపుతుందేమో గానీ చలిని ఆపదు. గూడు పొడిగా ఉంటే దాని అవసరం రాదు, తడిగా ఉంటే అది కాపాడలేదు. కాలివేళ్ల రక్షణ కర్ర చేతిలో ఉంది. గుండ్రటి సన్న కర్ర కాకుండా నాలుగంగుళాల వెడల్పు పలకను అడ్డంగా వేస్తే కోడి దాని మీద చతికిలబడి పొట్ట ఈకలతో వేళ్లను పూర్తిగా కప్పుకుంటుంది. ఇనుప గొట్టం అసలు వాడకూడదు.

చలికాలపు చాకిరీలో ఎక్కువ భాగం నీళ్లదే. మేత ఒక పూట తప్పినా ఫరవాలేదు, నీళ్లు ఒక రోజు అందకపోతే గుడ్లు ఆగిపోతాయి. మంచు తిని దాహం తీర్చుకుంటాయిలే అనుకోకూడదు, ఆ మంచును కరిగించడానికి ఒంట్లోని వేడే ఖర్చవుతుంది. కరెంటు ఉన్నచోట నీళ్లగిన్నె కింద పెట్టే చిన్న వేడి పీట మంచి పెట్టుబడి, గూట్లో కరెంటు వాడవలసిన చోటంటూ ఉంటే అది ఇదే. కరెంటు లేనిచోట నల్ల రబ్బరు తొట్లు రెండు ఉంచుకుని, గడ్డకట్టినదాన్ని బోర్లించి తన్నితే మంచుగడ్డ ఊడిపడుతుంది, రెండోదాంట్లో గోరువెచ్చటి నీళ్లు పోయాలి. నీళ్లు పడుకునేచోట కాక బయట తిరిగే చోట ఉంటే గూట్లో తడి తగ్గుతుంది. గుడ్లను కూడా రోజులో రెండు మూడుసార్లు తీయాలి. సున్నాకు అర డిగ్రీ కిందికి పోతే తెల్లసొన గడ్డకట్టి పెంకు పగులుతుంది.

చలి రోజుల్లో కోడి మామూలు మేతకు నాలుగో వంతు దాకా ఎక్కువ తింటుంది. సాయంత్రం ఒక గుప్పెడు మొక్కజొన్న వేస్తే వేడి చేస్తుందని అక్కడి నమ్మకం, మన సజ్జల గురించి మనం అనుకునేదే. అసలు జరిగేది ఆహార సంచి నిండి రాత్రంతా శక్తి అందడం. గుప్పెడు దాటితే కోడి కొవ్వెక్కుతుంది, 16 శాతం మాంసకృత్తులున్న అసలు మేత తగ్గిపోతుంది. ఈకలు మార్చుకుంటున్న కోడికి మాంసకృత్తులే ముఖ్యం, ఈకంతా అదే కదా. నేలంతా మంచు కప్పినప్పుడు కందనకాయకు కావలసిన చిన్న రాళ్లు దొరకవని చాలామందికి తట్టదు. ఒక చిప్పలో వేసి పెట్టాలి.

దీపం వెలుతురు సంగతి మీద పెద్దలే రెండుగా చీలిపోయారు. పెట్ట నిలకడగా గుడ్లు పెట్టాలంటే రోజుకు 14 గంటల వెలుతురు కావాలి. మినియాపొలిస్‌లో డిసెంబరు పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. తెల్లవారుజామున ఒక చిన్న బల్బు టైమరుతో వెలిగిస్తే గుడ్లు ఆగవు. కొందరు ప్రకృతి ఇచ్చిన విశ్రాంతిని తీసేయవద్దంటారు. దీనివల్ల కోడి ఆయుష్షు తగ్గుతుందని గట్టిగా చెప్పే ఆధారం నాకు కనిపించలేదు, అయినా నాలుగు పెట్టలున్న ఇంటికి రెండు నెలలు గుడ్లు తగ్గితే కొంపలు మునగవు. వెలిగించేవాళ్లు సాయంత్రం మాత్రం పెట్టకూడదు. ఉన్నట్టుండి చీకటైతే కర్ర ఎక్కని కోళ్లు నేల మీదే ఉండిపోతాయి.

కింద వేసే పొట్టును అడుగు మందం దాకా పేరుస్తూ, అప్పుడప్పుడూ తిరగేస్తూ వసంతందాకా ఉంచే పద్ధతికి మంచి పేరుంది. పొడిగా ఉన్నంతకాలం ఆ పేరుకు తగ్గట్టే పనిచేస్తుంది. రెట్ట కుళ్లి పుట్టే వేడి గూటిని వెచ్చబరుస్తుందన్న మాట మాత్రం అతిశయోక్తి. బయట దుమ్ము స్నానానికి చోటుండదు కాబట్టి పేలు పెరుగుతాయి, లోపలే ఒక పెట్టెలో ఎండు మట్టి పెట్టాలి. బర్డ్ ఫ్లూ మోసుకొచ్చే అడవి బాతులు, కొంగలు తిరిగే ప్రాంతాల్లో మేతా నీళ్లూ పైకప్పు కింద ఉండటం ఇప్పుడు తప్పనిసరి.

మన దగ్గర ఇంత చలి లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో మాత్రం శీతాకాలపు తెల్లవారుజాములు సున్నా దగ్గరికి వస్తాయి, ఆదిలాబాద్ పల్లెల్లో ఐదు డిగ్రీల కిందికి పోయే రాత్రులుంటాయి. పైగా లంబసింగి చలి పొగమంచు చలి, తడితో వచ్చేది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా కోళ్లు కశ్మీర్, ఈశాన్య రాష్ట్రాల చలిలో కూడా పెరుగుతున్నాయి కాబట్టి ఏజెన్సీ చలి పెద్ద కోళ్లకు సమస్య కాదు, పిల్లలకు సమస్య. పెరటి పెంపకం పథకాల కింద పిల్లలను ఇచ్చేటప్పుడు డిసెంబరు, జనవరి నెలలు తప్పించడం, తప్పకపోతే ఒళ్లంతా ఈకలు వచ్చిన ఆరువారాల పిల్లలనే ఇవ్వడం అధికారుల చేతిలో పని. ఇళ్లలో చేయగలిగినది ఇంకా సులువు. కోళ్లున్న గది మూసి కుంపటి పెట్టవద్దు, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కోళ్లనే కాదు, పక్క గదిలో పడుకున్న మనుషులనూ తీసుకుపోతుంది. గంప కింద గోనెసంచి మీద ఎండుగడ్డి మందంగా పరిచి, తడిసిన గడ్డి పొద్దున్నే తీసి మార్చాలి. పైన పాలిథీన్ పట్టా కప్పేటప్పుడు గాలి వచ్చే వైపు నేలదాకా దించి, గంప నెత్తిన మాత్రం జానెడు మేర కప్పకుండా వదిలేయాలి.